ఆఖరి గడిలో మాట

"నీకేం తక్కువ?" అని మా ఆయన అడిగినప్పుడల్లా నేను అంట్లు తోముతూనో, ఇస్త్రీ చేస్తూనో ఉంటాను. ఆ రోజు ఇస్త్రీ పెట్టె ఆయన చొక్కా కాలరు మీద ఉంది. నేను అడిగింది బస్సు చార్జీ, అంతే. నా జీతం పడే ఖాతా కార్డు ఆయన పర్సులో ఉంటుంది. పెళ్లైన కొత్తలో "నీకెందుకీ తలనొప్పులు" అని ప్రేమగా తీసుకున్నాడు. పదకొండేళ్లయింది, ఆ ప్రేమ ఇంకా ఆ పర్సులోనే ఉంది. మా అత్తగారైతే ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది, మా కోడలు అదృష్టవంతురాలు, దేనికీ వెతుక్కోనక్కర్లేదు, అన్నీ మావాడే చూసుకుంటాడు అని. నిజమే, వెతుక్కోనక్కర్లేదు. అడుక్కుంటే చాలు.

నేను పనిచేసేది ఒక ట్రస్టు ఆసుపత్రిలో, ఉచిత వైద్యం కౌంటరు దగ్గర. బిల్లు కట్టలేనివాళ్లు వచ్చి కష్టం చెప్పుకుంటారు, విని ఫారం నింపుతాను. ఫారమంతా తెలుగే, ఆఖరి గడి ఒక్కటే ఇంగ్లీషు. డబ్బు మంజూరు చేసే పెద్దలకి కథలు చదివే తీరిక ఉండదు, ఆఖరి గడి చూస్తారు. అందులో ఒక్క మాటే రాయాలి. పూర్ అని రాస్తే మందుల్లో సగం తగ్గిస్తారు. నీడీ అంటే ఇప్పుడు కాస్త చెయ్యి అందిస్తే నిలదొక్కుకుంటారని, ఆపరేషన్ ఖర్చులో కొంత ఇస్తారు. ఇండిజెంట్ అంటే తిండికీ గుడ్డకీ కటకట అని, మొత్తం ఉచితం. అన్నిటికన్నా కింద డెస్టిట్యూట్. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఆవిడ రిటైరవుతూ ఈ నాలుగు మాటలూ ఒక అట్టముక్క మీద రాసిచ్చి వెళ్లింది. మొదటి మూడింటి పక్కనా ఏమిస్తారో రాసింది. నాలుగోదాని పక్కన ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు. మనం లేనివాళ్లు అని ఊరుకుంటాం. ఇంగ్లీషువాళ్లు లేమిని కూడా కొలతలు తీసి సైజులవారీగా కుట్టించుకున్నారు.

రెండు వారాల కిందట ఒక కుట్టుపని మనిషి వచ్చింది. మిషను సూది చూపుడువేల్లో దిగి, అది చీముపట్టి, చెయ్యి మణికట్టు దాకా వాచింది. పక్కన ఆరేళ్ల కూతురు. మొగుడు ఎటో వెళ్లిపోయి ఏడాది దాటిందట. "నాకెవరూ లేరమ్మా, మీరే దిక్కు" అంది. ఆ మాట మా కౌంటరు దగ్గర రోజుకి పదిమంది అంటారు. ఆ రోజు పిల్ల మొహం చూసి నాకు మనసు ఆగలేదు. మాట ఎంత పెద్దదైతే సాయం అంత పెద్దదనుకుని ఆఖరి గడిలో డెస్టిట్యూట్ అని రాసేశాను. అందులో ఉన్నది జాలి ఒక్కటే కాదు, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం. ఇంట్లో నా మాటకి విలువ లేదు, ఇక్కడ నేను రాసిన ఒక్క మాటతో పనులు జరుగుతాయి, ఆ గర్వం కూడా ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది. డిశ్చార్జి రోజున ఆవిడ చేతికి కట్టుతో, పిల్లని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాలుగింటికి వ్యాను వస్తుందని నర్సు చెప్పిందట. తనని ఆడవాళ్ల ఆశ్రమానికి, కూతుర్ని పిల్లల ఆశ్రమానికి పంపిస్తారట. నేను పరుగున సూపరింటెండెంటు గదికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా వివరించాడు. డెస్టిట్యూట్ అంటే డబ్బు లేని మనిషి అని కాదు, ఉండటానికి చోటూ నా అనే మనిషీ లేనివాళ్లు అని. అలాంటివాళ్లని ఆసుపత్రి రోడ్డు మీద వదలకూడదని రూలు. తల్లికే దిక్కు లేనప్పుడు పిల్లని ఆమెతో ఉంచరు. రాసింది మీరే కదమ్మా అన్నాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

వెనక్కి వచ్చి ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, నా వంక సూటిగా చూసింది.

"ఎవరూ లేరంటే ఆదుకునేవాళ్లు లేరని చెప్పానమ్మా. దిక్కులేనిదాన్నని చెప్పానా? నాకు అద్దె గది ఉంది. మిషనుంది. నా పిల్ల ఉంది. లేనిది డబ్బొక్కటే."

పిల్లకి ఏం అర్థమైందో గానీ తల్లి మంచి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మళ్లీ సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. గడిలో మాట ఊరికే కొట్టేస్తే మంజూరు మొత్తం మొదటికొస్తుందన్నాడు. ఒక్కటే దారి ఉంది. సొంత ఇల్లుగానీ ఉద్యోగంగానీ ఉన్న మనిషి ఆర్నెల్లపాటు ఈమె మంచిచెడ్డలు నావి అని పూచీకత్తు రాయాలి. అప్పుడు ఇండిజెంట్‌గా మారుస్తారు, వైద్యం ఉచితంగానే ఉంటుంది, పిల్ల తల్లితోనే ఉంటుంది. టైము రెండు దాటింది.

మా ఆయనకి ఫోన్ చేశాను. విషయం సగం చెప్పేసరికే అందుకున్నాడు. "ఇల్లు నా పేరు మీద ఉంది, గుర్తుందా? దారినపోయేవాళ్లకి రాసివ్వడానికి అదేమన్నా సత్రమా?" అని పెట్టేశాడు. గుర్తులేకపోవడమేం, కిందటేడు ఎదురు మాట్లాడానని "నా ఇంట్లోంచి నడు" అన్నాడు కదా. ఆ రోజు చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడ్డాను. చేతిలో బస్సుకి చిల్లర కూడా లేదు. పుట్టింట్లో తమ్ముడి సంసారం గుర్తొచ్చింది. అరగంట నిలబడి, లోపలికెళ్లి వంట చేశాను. ఎవరూ ఏమీ అనలేదు, అందరికీ ఆకలిగా ఉంది. ఇప్పుడు ఆ అట్టముక్క ముందు పెట్టుకుని కూర్చుంటే నేను ఏ వరసలో ఉన్నానో చూడాలనిపించింది. పూర్ కాను, బీరువా నిండా బట్టలున్నాయి. రోజూ పొద్దున్నే చెయ్యి చాపుతాను కాబట్టి నీడీ అనొచ్చేమో. గుమ్మం బయట ఆ అరగంట మాత్రం నేను అన్నిటికన్నా కింద ఉన్నాను. కౌంటరు బయట బల్ల మీద కూర్చున్న ఆ కుట్టుపని మనిషి దగ్గర తన గది తాళంచెవి ఉంది, తన పని ఉంది. అలాంటి మనిషిని నేను, ఇల్లున్నదాన్ననుకుంటూ, దిక్కులేనిదని రాశాను. ఒళ్లు మండిపోయింది, ముందు నా మీద, తర్వాత మా ఆయన మీద.

అప్పుడు తట్టింది. సూపరింటెండెంటు ఇల్లుగానీ ఉద్యోగంగానీ అన్నాడు. నేను ఇల్లు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తూ, నాకొక ఉద్యోగం ఉందన్న సంగతి మర్చిపోయిన బుద్ధిమంతురాలిని నేనే.

పూచీకత్తు ఫారం నింపి తీసుకెళ్తే సూపరింటెండెంటు చదివి, "మీ వారిని అడిగారా?" అన్నాడు.

"ఇల్లు రాస్తే అడగాలి సార్. నేను రాసింది నా జీతం."

పూచీ పడేవాళ్ల జీతం వాళ్ల చేతుల్లోనే ఉండాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆసుపత్రి ఆవరణలోనే ఉన్న బ్యాంకుకి వెళ్లి కొత్త ఖాతాకి సంతకాలు పెట్టాను. వచ్చే నెల నుంచి జీతం అందులో వేయమని జీతాల గుమాస్తాకి కాగితం ఇచ్చాను. ఆయన ఎందుకని అడగలేదు, తేదీ వేయడం మర్చిపోయారని మాత్రం అన్నాడు. నాలుగింటికి వ్యాను వచ్చి, పది నిమిషాలు ఆగి, ఖాళీగా వెళ్లిపోయింది. తల్లీకూతుళ్లు గేటు దాటి నడిచి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టలేదు, వచ్చేవారం కట్టు మార్పించుకోవడానికి వస్తానని చెప్పింది. నాకు అదే నచ్చింది.

ఇంటికెళ్లి చెప్పులు విప్పకముందే విషయం చెప్పేశాను, ఆలస్యమైతే నా ధైర్యం మీద నాకు నమ్మకం లేదు. ఆయన టీవీ కట్టేశాడు. మా అత్తగారు ఎవరూ చూడరేమోనని బుగ్గలు కాస్త గట్టిగానే నొక్కుకుంది. ముక్కూమొహం తెలియనిదానికి పూచీ ఏంటి, రేపు ఆసుపత్రివాళ్లు జీతం పట్టుకుంటే ఇంట్లో ఏం తింటాం అని ఆయన చాలాసేపు అరిచాడు.

"అసలు పూచీ పడాలంటే మనిషికి సంపాదన ఉండాలి, తెలుసా?" అన్నాడు చివరికి.

"ఉంది. అందుకే పడ్డాను" అన్నాను.