రెహేమా వద్దన్న చెరువు

సీతారత్నం అసూయకి హద్దూ పద్దూ లేదు. ఐనవిల్లిలో కొబ్బరి దింపేవాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు. మొగుడు త్రిమూర్తులు టాంజానియాలో ఎనిమిదేళ్లు రైసుమిల్లు మెకానిక్‌గా చేసి వచ్చాడు. తెచ్చిన బంగారమంతా ఒక ఎత్తు, ఫోనులో తెచ్చిన ఒక్క ఫొటో ఒక ఎత్తు. చెరువొడ్డున అంట్లు తోముతూ పకపకా నవ్వుతున్న ఆడమనిషి. మిల్లులో వంటమనిషిట, పేరు రెహేమాట. వంటమనిషి ఫొటో ఎవడు దాచుకుంటాడమ్మా?

కిందటేడు ఉగాదికి అతని లుంగీ మీద రక్తపు మరక కనబడింది. మూత్రంలో పడుతోందన్నాడు. అంతే, సీతారత్నం ఇల్లు పీకి పందిరేసింది.

"అది అంటించిన రోగమే ఇది! ఈ మాట గుమ్మం దాటిందంటే నేను గోదాట్లో దూకుతాను," అంది.

త్రిమూర్తులు మళ్లీ ఆ ఊసెత్తలేదు. తన లుంగీలు తనే ఉతుక్కోవడం మొదలెట్టాడు. మొగుడు దారికొచ్చాడని మురిసిపోయింది కూడా, పిచ్చిమొహం.

ఈ ఉగాది వెళ్లాక మూత్రం బిగిసిపోయి అతను మెలికలు తిరిగిపోతే, అమలాపురం తీసుకెళ్లక తప్పలేదు. డాక్టరమ్మ విజయ రిపోర్టులు చూసింది.

"మూత్రంలో క్యాన్సర్‌ని పట్టిచ్చే మార్కర్ బాగా ఎక్కువుందండి. ఇదొక్కటే చూసి తేల్చలేం, కెమెరా గొట్టంతో లోపల చూసి పరీక్షకి చిన్న ముక్క తియ్యాలి. మూత్రాశయం గోడ సున్నం పట్టినట్టుంది. ఆఫ్రికాలో పనిచేశానన్నారుగా, అక్కడ చెరువుల్లో దిగేవారా?"

"ఆయ్, రోజూ ఈదేవాణ్ణండి. గోదారోణ్ణి, నీళ్లు చూస్తే ఆగుతానాండీ?"

"అక్కడి నీళ్లలో నత్తల్నించి ఒక పురుగొస్తుందండి. చర్మంలోంచి దూరుతుంది. దాని గుడ్లు మూత్రాశయంలో ఉండిపోతే, ఏళ్లు గడిచాక క్యాన్సర్ రావచ్చు."

పురుగు! ఆడది కాదు! సీతారత్నానికి ప్రాణం లేచొచ్చింది. క్యాన్సర్ అన్న మాట ఆ తర్వాత గానీ చెవికెక్కలేదు.

"రెహేమా మొత్తుకునేదండి," అన్నాడు త్రిమూర్తులు. "దిగొద్దు, మావాళ్లకి నెత్తురు పడే జబ్బు ఇందులోంచే వస్తుందని గట్టు మీద నిలబడి తిట్టేది. నేనే నవ్వేసేవాణ్ణి."

సీతారత్నం ఒళ్లు భగ్గుమంది. ఇక్కడా దాని పేరేనా! తన మొగుణ్ణి కాపాడాలని తిట్టడంలో కూడా అదే ముందుందని కుళ్లిపోయింది.

"రక్తం ఎప్పట్నించి పడుతోంది? నిజం చెప్పండి, దాన్నిబట్టే వైద్యం," అంది డాక్టరమ్మ.

"ఓ నెల్నించండి," అన్నాడు త్రిమూర్తులు, పెళ్లాం వైపు చూడకుండా.

తనని కాస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

"అబద్ధమండి. ఏడాది దాటింది. ఆయన చెప్పేరు, నేనే నోరు మూయించేను."

"ఏడాదా? అప్పుడే తీసుకురావలసింది కదమ్మా!"

"ఆ రెహేమా అయితే తీసుకొచ్చేదండి," అంది సీతారత్నం.