కోసిన మూల

అందరూ ఆమెను గింజలమ్మాయి అనేవారు. మూడేళ్లుగా ఆమె లోకమంతా ఎనిమిది రకాల చిక్కుడు గింజలే. నానబెట్టి తొక్క తీయడం, ఎండబెట్టి మెత్తగా పొడి కొట్టడం, ఆ పొడిలోంచి ప్రోటీన్లు కరిగించి తీయడం. ఆపైన గాజు పలకల మధ్య పోసిన పల్చటి జెల్లులో వాటిని కరెంటు పెట్టి పరుగెత్తించడం. చిన్నవి అడుగుదాకా పోతాయి, పెద్దవి పైనే చతికిలబడతాయి. తర్వాత రంగు వేస్తే ఒక్కో రకానికీ ఒక్కో వరసలో నీలం గీతలు తేలతాయి.

ఆమెకు కావలసింది మాత్రం ఒక గీత తేలకపోవడం. ఆ గీత తాలూకు ప్రోటీను వల్లే కొందరికి చిక్కుడు గింజ నోట్లో పడగానే పెదాలూ గొంతూ వాచిపోతాయి. ఆ కొందరిలో ఆమె తమ్ముడి కూతురు ఒకతి. ఐదేళ్ల పిల్ల, ఇంటిల్లిపాదినీ రెండుసార్లు ఆస్పత్రికి ఉరుకులు పెట్టించింది. "అత్తా, నా గింజ దొరికిందా?" అని ఫోనులో అడుగుతూ ఉంటుంది.

దొరికింది. మూడో వరసలో ఆ గీత లేదు. నాలుగుసార్లు చేసి చూసినా లేదు. ఆ సంగతి గింజలమ్మాయి ముందుగా చెప్పింది అక్కకే. అక్కంటే తోడబుట్టింది కాదు, ల్యాబులో సీనియర్. జెల్లు పోయడం నేర్పిందీ, మధ్యాహ్నం డబ్బా పంచుకునేదీ ఆవిడే. "ఇది నా కుడిభుజం," అని ఈమెను అందరికీ చూపించేది కూడా.

"ఆ ఫొటో, రకాల జాబితా నాకు పంపవే. కాస్త తీర్చిదిద్ది పెద్దసారుకు చూపిస్తాను," అంది అక్క. మురిసిపోతూ పంపింది పిచ్చిది.

నెల తిరక్కుండా మీటింగు పెట్టారు. తెర మీద ఆ జెల్లే ఉంది. కింద ఉన్నది అక్క పేరు, ఒక్క అక్క పేరే. గింజలమ్మాయికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. దొంగ గోడ దూకి వస్తే తిట్టుకోవచ్చు. తానే తలుపు తీసి కుర్చీ వేసి కూర్చోబెట్టాక ఎవర్ని తిట్టుకోవాలి?

"ఆరో రకంలో ఆ ప్రోటీను అసలు లేదండీ," అంటోంది అక్క.

ఆరో రకమా? గింజలమ్మాయి తెరవైపు మళ్లీ చూసింది.

జెల్లు ముందునుంచి చూసినా వెనకనుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది. మొదటి వరస ఎటుందో మర్చిపోకుండా కింద ఒక మూల కోసి ఉంచుతారు. ల్యాబులో అందరూ కోసేది కుడి మూల. ఈమెది ఎడమచేతి వాటం కాబట్టి ఎడమ మూల కోస్తుంది. తెర మీద కోత కుడివైపుంది. ఫొటో తిరగబడిందనుకుని అక్క దాన్ని అద్దంలోలా కుడిఎడమలు మార్చేసింది. మూడోది కాస్తా ఆరోదైంది.

"అయితే వాపు వచ్చే పిల్లలకు ఆస్పత్రిలోనే ఆరో రకం కొంచెం కొంచెం పెట్టి చూద్దాం," అని పెద్దసారు సంతకానికి కలం తీశారు.

ఒక్క క్షణం గింజలమ్మాయికి నోరు మూసుకుని కూర్చోవాలనిపించింది. అక్క తవ్వుకున్న గోతిలో అక్కే పడనీ, తిక్క కుదురుతుంది. అంతలో వాచిన పెదాలతో మేనకోడలు కళ్లముందు మెదిలింది. లేచి నిలబడింది.

"సార్, సంతకం పెట్టకండి. ఆ ఫొటో తిరగేసి ఉంది. గీత లేనిది మూడో రకంలో. ఆరోదాంట్లో నిండా ఉంది."

"నీకెలా తెలుసమ్మా?"

"ఆ జెల్లు నేను చేసిందే సార్. నాది ఎడమచేతి వాటం, ఎడమ మూలే కోస్తాను. నా నోటుబుక్కులో బొమ్మతో సహా ఉంది. కావాలంటే రెండు రకాలూ మీ ముందే మళ్లీ చేసి చూపిస్తాను."

పెద్దసారు కలానికి మూత పెట్టి అక్క వైపు తిరిగారు. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ గింజలమ్మాయినే చూస్తోంది.

"నీది ఎడమచేతి వాటమా?" అంది, నిజంగానే తెలియనట్టు.

ఇందాక రాని ఏడుపు గింజలమ్మాయికి అప్పుడొచ్చింది. మూడేళ్లు ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆవిడ డబ్బాలోంచే, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింది.