నూరులోంచి నూట ఇరవై

అమెరికాలోని దులూత్ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు టైర్లు అమ్మాను. యాభై ఒకటో ఏట దుకాణం అమ్మేసి, అకౌంటింగ్, ఆర్థిక నిర్వహణలో మాస్టర్స్‌కి చేరాను. ఒక సరకు రవాణా కంపెనీలో లెక్కల మేనేజరు ఉద్యోగం నాకోసం ఆపి ఉంచారు; డిగ్రీ చూపిస్తేనే ఇస్తారు. చివరి సెమిస్టరుకు వచ్చేసరికి నా మార్కుల సరాసరి అంచు మీద నిలబడింది. ఆఖరి సబ్జెక్టులో బి గ్రేడు రాకపోతే కోర్సు నుంచి పంపించేస్తారు. దుకాణమూ లేదు, డిగ్రీ కూడా ఉండదు.

ఆ సబ్జెక్టులో పరీక్ష లేదు, ప్రాజెక్టే. మంచు మీద జారడానికి కాళ్ళకు కట్టుకునే స్కీలు తయారుచేసే ఒక కంపెనీ ఐదేళ్ళ లెక్కలు విప్పి చూడాలి. మా జట్టులో ముగ్గురం: నేను, పగలు బ్యాంకులో పనిచేసే సిగ్నె, ఇంకా పాతికేళ్ళు నిండని థాడ్.

మా ప్రొఫెసరమ్మకు ఒక పద్ధతి ఉంది. ప్రాజెక్టు చివర ఒక్కొక్కరి చేతికీ నూరు పాయింట్లు ఇస్తుంది. మిగతా ఇద్దరూ ఎంత పనిచేశారో చూసి వాటిని వాళ్ళకు రహస్యంగా పంచాలి. ఎవరికెన్ని వస్తే వాళ్ళ మార్కు ఆ మేరకు కదులుతుంది. నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఇద్దరి నుంచీ కలిపి నూట పది వస్తే నాకు బి. ఒక్కటి తగ్గినా మునిగినట్టే.

బుధవారం కాఫీ దగ్గర థాడ్‌ని పట్టుకున్నాను.

“నీకు అరవై వేస్తాను, నాకు అరవై వెయ్యి.”

“ఇది లంచం కాదా పెద్దాయనా?”

“కాదు. ముందస్తు ఆర్డరు.”

నవ్వి చెయ్యి కలిపాడు. అరగంట తర్వాత లైబ్రరీలో సిగ్నెకీ అదే మాట చెప్పాను. ఆమె కళ్ళద్దాల మీదుగా నన్నొకసారి చూసి, “సరే, ఒప్పుకున్నాను” అంది.

శుక్రవారం ఉదయం కంప్యూటరు ముందు కూర్చుని ఆమెకు అరవై, అతనికి అరవై కొట్టాను. మొత్తం నూరే ఉండాలని ఎర్ర అక్షరాలు వచ్చాయి. స్టాకు చూసుకోకుండా ఆర్డర్లు తీసుకున్నాను! దుకాణంలో ఒక్కసారీ చెయ్యని తప్పు.

ఒకరికి గుట్టుగా పాయింట్లు కోసేస్తే ఎవరికీ తెలియదు. కానీ సరకు లేనప్పుడు కొన్నవాడి మొహం చూసి చెప్పడమే నాకు అలవాటు. మధ్యాహ్నం ఇద్దర్నీ క్యాంటీనుకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను.

“అంటే ఒకే టైరు ఇద్దరికి అమ్మావన్నమాట!” థాడ్ బల్ల చరిచాడు. “గొడవెందుకు, తలా యాభై వేసుకుందాం.”

తలా యాభై అంటే నాకు వచ్చేది వంద. ఎలాగూ మునిగేదే అయితే తూకం సరిగ్గా వేసే మునుగుదామనుకున్నాను.

“సిగ్నెకి డెబ్బై, నీకు ముప్ఫై” అన్నాను.

“ముప్ఫయ్యా! స్లైడ్లన్నీ నేనే చేశాను!”

“రంగులు వేశావు.”

సిగ్నెకి నవ్వొచ్చి సూపు పొలమారింది.

“అయితే నీకు నలభై. అదీ జాలిపడి!” అని థాడ్ తన పళ్ళెం తీసుకుని వేరే బల్లకు వెళ్ళిపోయాడు. సిగ్నె మూతి తుడుచుకుంది గాని, తనెంత వేస్తుందో చెప్పలేదు. నేను చెప్పినట్టే డెబ్బై, ముప్ఫై నింపి పంపేశాను. నాకు రాబోయేవి నలభై, అరవై. నూట పదికి పది తక్కువ.

మంగళవారం మార్కులు వచ్చాయి. నాకు బి.

రెండుసార్లు చూసుకుని, పార్కింగులో సిగ్నెని అందుకున్నాను.

“నువ్వెంత వేశావమ్మా?”

“డెబ్బై అయిదు. గోదాములో అమ్ముడుపోని స్కీలను కొత్తవాటి ధరకే చూపిస్తున్నారని పట్టుకుంది మీరే కదా. నేను మూడు వారాలు అవే కాగితాలు తిప్పినా కనబడలేదు.”

“ఎప్పుడు వేశావు?”

“పోయిన వారం సోమవారమే. మీరు బేరానికి రాకముందే.”

“మరి బుధవారం అరవైకి ఎందుకు ఒప్పుకున్నావు?”

“మీరడిగింది అరవయ్యే కదా” అంది కారు తలుపు తీస్తూ. “నా అంతట నేను ధర పెంచడం దేనికి?”

కొత్త కంపెనీలో చేరగానే ఆమెను నా కింద పనికి అడుగుదామనుకున్నాను. ఇంటికి వెళ్తూ ఇంకోసారి లెక్క వేస్తే, నేనే ఆమె కింద చేరడం లాభమని తేలింది.