బోయా మీది పలక

మూడో ముడి దగ్గర దారం తెంపి, త్రినాథ్ వలను మోకాళ్ల మీదికి లాక్కున్నాడు. పొద్దున్న ఎనిమిదింటికే ఒళ్లు జిగటగా ఉంది. ఆకు కదలడం లేదు. ఇరవై రెండేళ్లు విశాఖ హార్బర్ బోట్లలో వంట చేసిన మనిషి అతను. అలకి గిన్నె ఒరిగి గంజి పడిన ఎడమ చెయ్యి మోచేతి దాకా నున్నగా, తెల్లగా ఉంటుంది. నడుం పట్టేశాక ఊళ్లోనే కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. ఉప్పు సరిగ్గా వేస్తాడని తప్ప అతని గురించి ఊళ్లో చెప్పుకునేందుకు ఇంకేమీ లేదు.

చేతులు వల మీద ఉన్నా, కళ్లు మాటిమాటికీ ఇంటి కప్పు మీదికి పోతున్నాయి. అక్కడ మూరెడు సోలార్ పలక ఒకటి ఎండకి కాగుతోంది.

అది దుకాణంలో కొన్నది కాదు. తొమ్మిదేళ్ల కిందట, ఒడ్డుకి రెండు రోజుల దూరంలో తేలే పసుపు బోయాకి వాళ్ల బోటు కట్టారు. దాని నీడకి చేపలు చేరతాయి. వేట అయ్యాక ఎవరికి అందింది వాళ్లు విప్పుకున్నారు. బ్యాటరీ బోటు నడిపే సరంగు తీసుకున్నాడు, తీగలు వల లాగే కలాసీలు పంచుకున్నారు. వంటవాడి వంతు వచ్చేసరికి పలక ఒక్కటే మిగిలింది. నడిసముద్రంలో దిక్కులేకుండా పడి ఉన్నదాన్ని తెచ్చుకుంటే దొంగతనమెలా అవుతుందనుకున్నారు అందరూ. మరుసటేడు తుపానుకి పదకొండు రోజులు కరెంటు లేకపోతే, వీధి వీధంతా అతనింటికొచ్చి సెల్లులు ఛార్జింగు పెట్టుకుంది. ఎదురింటి తవిటమ్మ నీ కడుపు చల్లగుండ అని దీవించింది కూడా.

పోయిన బుధవారం దాకా త్రినాథ్ హాయిగానే నిద్రపోయాడు. ఆ రోజు విశాఖపట్నం నుంచి దీపిక అనే సైంటిస్టు వచ్చి తుపాను షెల్టర్లో మీటింగు పెట్టింది.

"తుపానుకి తిండి సముద్రంలోని వేడే," అందామె. "చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. ఎంత లోతు దాకా కాగిందన్నది ముఖ్యం. వానాకాలంలో మహానది, గోదావరి నీళ్లు వచ్చి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటాయి. అడుగునున్న చల్లనీళ్లు పైకొచ్చి కలవలేవు, వేడి తగ్గదు. ఆ సంగతి కనిపెట్టి కబురు చెప్పేవి ఆ పసుపు బోయాలు. సామాన్లు తెచ్చినవాళ్లు తిరిగిచ్చెయ్యండి. కేసులుండవు."

జనం టీలు తాగి వెళ్లిపోయారు. త్రినాథ్‌కి లేవబుద్ధి కాలేదు. మిగతావాళ్ల మాటెలా ఉన్నా వంటవాడికి ఆ మాట బాగా అర్థమైంది. మూత పెట్టిన ఎసరు ముందుగా చెప్పదు, పొంగి పొయ్యి ఆరిపోయాకే తెలుస్తుంది. ఆ మూత తీసి చూసేదాన్ని గుడ్డిదాన్ని చేసి, దాని కన్ను తెచ్చి తన కప్పు మీద పెట్టుకున్నాడు. అప్పటికే కొడుకు సాయికిరణ్ వేటకెళ్లి రెండు రోజులు. ఈవేళ్టికి ఆరు. ఆ బుధవారం నుంచి త్రినాథ్‌కి అన్నం సహించడం లేదు. గాలి వీస్తే భయం, వీయకపోతే ఇంకా భయం.

పోనీ ఆఫీసులో ఇచ్చేద్దామా అంటే, వాళ్లు సంతకం పెట్టించుకుని బీరువాలో పెడతారు. బీరువాలోని పలకకి సముద్రం ఏం కనిపిస్తుంది?

పదింటికి ఇంకో బోటు సరంగు నరసింగరావు భుజాన బ్యాగుతో అటుగా వచ్చాడు. అతని బోటు ఆ సాయంత్రమే హార్బర్ నుంచి బయల్దేరుతోంది.

"నన్నూ తీస్కెల్లు బావా. వంట సేస్తాను," అన్నాడు త్రినాథ్.

"నడుం నొప్పన్నావు గదేటి?"

"తగ్గిపోనాది. జీతం ఒద్దు. పసుపు బోయా కాడ ఓపాలి ఆపితే సాలు."

"అక్కడేటున్నాది?"

"సేపలున్నాయి."

నరసింగరావు నవ్వాడు. బోటు వంటవాడు జ్వరమని మొహం చాటేసి రెండు రోజులైంది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుని సరేనన్నాడు.

పలక దించుతుంటే భార్య కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అదెందుకు దించుతన్నావు? ఇంట్లో లైటెలాగ?"

"బోట్లో లైటు లేదే. మల్లీ తెచ్చెత్తాను."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకి చెప్పిన మొదటి అబద్ధమేం కాదు గానీ, చెప్పి తల దించుకున్నది మాత్రం ఇదే. ఆమె పాత చీరలో పలకని పసిపిల్లని చుట్టినట్టు చుట్టి ఆటో ఎక్కాడు. నడుం నొప్పికి పెదవి కొరుక్కున్నాడు.

"ఒసే, కుర్రోడొస్తే మల్లీ ఎల్లొద్దను," అన్నాడు. ఆటో కదిలింది.

మూడో రోజు పొద్దున్న కూర్మమ్మ సెల్లు మోగింది. సముద్రంలో వాయుగుండం, వేటకు వెళ్లినవాళ్లు వెంటనే వెనక్కి రావాలి అని మెసేజీ. మధ్యాహ్నానికి ఆకాశం మూసుకుపోయింది, కరెంటు పోయింది. అంత గాలిలోనూ సాయికిరణ్ తడిసి ముద్దై ఇల్లు చేరాడు.

"నిన్ననే వైర్లెస్సు సెట్టులో కబురొచ్చీసినాదమ్మా. ఒక్కటి తప్పితే అన్ని బోట్లూ తిరిగొచ్చీసినాయి. అయ్యేడీ?"

"నరసింగరావు బోటులో ఎల్నాడురా."

ఆ బోటు గురించి సాయికిరణ్ హార్బర్లో విన్నాడు. "అది సెట్టుకి అందట్లేదంతన్నారు. ఎప్పుడూ ఎల్లీ వైపు ఎల్లలేదంట. దారి మార్సి లోతుకెల్లిపోనాదంట."

పట్టపగలే ఇల్లు చీకటైపోయింది, వెలిగించడానికి లైటు లేదు. కూర్మమ్మ అగ్గిపెట్టె కోసం గూట్లో తడిమితే చేతికి చిన్న రేకు డబ్బా తగిలింది. మూత తీసి గుమ్మం వెలుతురులో పట్టింది. ఆముదంలో నాలుగు బోల్టులు.

"ఏటిరా ఇవి?"

సాయికిరణ్ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూశాడు. చిన్నప్పుడు అయ్య చూపించినవే.

"పలకని బోయాకి బిగించీవమ్మా," అన్నాడు. "ఇవి లేపోతే అది నిలబడదు."

తొమ్మిదేళ్లుగా త్రినాథ్ నూనె మార్చి మార్చి ఉంచినట్టున్నాడు, నాలుగింటిలో ఒక్కదానికీ తుప్పు పట్టలేదు.