తులసమ్మత్త ఎడమ చెవి

మా తెలుగు సంఘం పెద్దలకు లెక్కలంటే మహా ఇష్టం. 1984లో వాళ్ళు తేల్చిన లెక్క ఇది: మనవాళ్ళు భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి ఇరవై ఏళ్ళలో ఒక్క విడాకులూ లేవు, మహిళా మండలి పెట్టిన మూడేళ్ళలో మూడు. ఆ మూడోది నాది, ఇంకా కోర్టులో నడుస్తోంది.

మండలి అంటే రుఆబాంధా సెక్టారులో సంఘం భవనం వెనక ఒక గది, నాలుగు కుట్టుమిషన్లు. అక్కడ కుట్టు నేర్పుతూ నేను బతుకుతున్నాను. నా మొగుడు శ్యామసుందర్ చావబాదిన రోజు నేను పరుగెత్తింది కూడా ఆ గదికే. ఎప్పుడూ గడియ వేసి ఉండే మా పెరటి తలుపు ఆ రోజు తెరిచి ఉండబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆ గదికి తాళం వేయాలని ఆదివారం మీటింగు పెట్టారు. అధ్యక్షుడు గురునాథరావుగారు కొత్త తాళంకప్ప కొనుక్కునే వచ్చారు!

అంతటితో ఆగక, సాక్ష్యానికి మా అత్తను, శ్యామసుందర్ తల్లి తులసమ్మను పిలిపించారు. ఆవిడకు ఎడమ చెవి వినపడదు. అందుకే అలవాటుగా మనుషులు కుడిపక్కన ఉండేలా చూసుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. కొడుకు క్వార్టర్లో, కొడుకు పెట్టే తిండి తినే మనిషి. వాళ్ళు చెప్పమన్నదే చెబుతుందనుకున్నాను.

"చెప్పమ్మా, ఈ మండలి వల్ల మీ ఇల్లు ఏమైపోయిందో," అన్నారు గురునాథరావుగారు.

"ఈ సెవి నాకు ఇనపడదని మీ అందరికీ ఎరికే. ఎందుకినపడదో ఒక్కలైనా అడిగినారేటి బాబూ?"

అత్త ఎడమ చెవి పట్టుకుని అందరికీ చూపించింది.

"పెళ్ళైన రెండో ఏడు మా ఆయన కొట్టిన దెబ్బది. అప్పుడు మండలీ నేదు, తలాకూ నేదు. మీ లెక్కలో నాది మంచి కాపరం." ఆవిడ నా వైపు వేలు చూపించింది. "నా కొడుకు ఈ పిల్లని కొడతంటే నాకు మా ఆయనే అవుపించినాడు. ఆ రోజు పెరటి గడియ తీసింది నానే. ఇప్పుడీ గదికి తాళం ఏస్తే, నన్ను లోనెట్టి ఏసీండి."

వెనక వరసలోంచి గురునాథరావుగారి భార్య కనకమహాలక్ష్మిగారు లేచి వచ్చారు. బల్ల మీది తాళంకప్ప తీసి తన చేతిసంచిలో వేసుకున్నారు. మీటింగు ముగిసింది.

అత్త ఆ క్వార్టరుకు మళ్ళీ వెళ్ళలేదు. ఊరి చివర చరోదాలో నా అద్దెగదికి ఇద్దరం ఒకే రిక్షాలో బయల్దేరాం, హడావిడిలో నేను ఆవిడ ఎడమపక్కన ఎక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ తలుపు దేవుడు తీశాడనుకున్నాను.

"నన్ను బతికించావత్తా," అన్నాను.

ఆవిడ ఎదర రోడ్డు చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా తడి మొహం చూసి, "ఏటే, ఏటన్నావు? ఇటేపు కూకుని సెప్పు," అంది.

రిక్షా ఆపించి, దిగి, కుడిపక్కకు వచ్చి కూర్చుని మళ్ళీ చెప్పాను.