నాలుగో రాయి

"పట్టుకోండి! రేకు ఎగిరిపోతోంది!"

సూర్యకాంతం కేక పూర్తికాకుండానే పెరటి రేకు లేచింది. కిరండూల్ ఇనుపగని క్వార్టర్ల మీదుగా గిర్రున తిరిగి మునగచెట్టుకు తగులుకుంది. అంతవరకూ ఆ రేకు కప్పు కింద, చాప మీద ఆవకాయకు కోసి తుడిచి ఆరబెట్టిన నలభై కాయల ముక్కలు. వాటి మీద ముందు కొండ మీది ఎర్రదుమ్ము పడింది. వెనకే వాన.

తడి తగిలిన ముక్క ఆవకాయకు పనికిరాదు. అంటే ఏడాది పచ్చడి పోయినట్టే.

భర్త రాజేశ్వరరావు దుప్పటి పట్టుకుని పరుగెత్తాడు. పక్కింటి లక్మే గంపతో గోడ దూకింది. రేషన్ దుకాణంలో సూర్యకాంతం తరఫున ఆమె భర్త పేరు చెప్పి పెట్టేది కూడా లక్మేయే. ముప్ఫై రెండేళ్ల కాపురంలో సూర్యకాంతం ఆ పేరు నోటితో పలికింది లేదు.

ముగ్గురూ ఆదరాబాదరా ముందు గదిలోకి వచ్చిపడ్డారు. సగం ముక్కలే దక్కాయి. కిటికీ గట్టు మీద, రాజేశ్వరరావు పాత పేపర్ల దొంతరకు ఆనించిన ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆదివారం కదా, సూర్యకాంతం తోబుట్టువులిద్దరూ లైన్లో ఉన్నారు.

"ఇదీ ఒక గాలేనా అక్కా?" అంది వెల్లింగ్టన్ నుంచి చెల్లెలు శిరీష. "ఇక్కడ చెత్తడబ్బాను కంచెకు కట్టకపోతే పక్క వీధిలో వెతుక్కోవాలి. వచ్చిన కొత్తలో కొన్న గొడుగు ఇంతవరకూ విప్పనేలేదు."

"మా తుపాను రెండు రోజుల ముందే చెప్పి వస్తుంది," అన్నాడు ఒకినావా నుంచి తమ్ముడు ప్రవీణ్‌కుమార్. "సైకిళ్లూ కుండీలూ ఇంట్లో పెట్టేసి, బ్రెడ్డు కొనుక్కుని కూర్చుంటాం. మీరు రేకు మీద బరువు కూడా పెట్టలేదా?"

"నాలుగు మూలలా నాలుగు పెట్టానురా! వాగులో ఏరి తెచ్చిన ఇనుపరాళ్లు. కొబ్బరికాయంతే ఉంటాయి, ఎత్తితే చంటిపిల్లంత బరువు. లేచిన మూల మీద రాయి లేదు. ఎవరో తీశారు."

రాజేశ్వరరావు చూపు లక్మే మీద వాలింది.

"నేనెందుకు తీస్తా భయ్యా? మా కప్పుకి మా రాళ్లు లేవా ఏంది?"

సూర్యకాంతం చేతికందిన గరిటె ఎత్తింది. "ఆ రాయి తీసినవాళ్లకి ఈ ఏడాది నా ఆవకాయ ఒక్క ముక్క లేదు!"

"ముక్కేంటి, ఊట కూడా వెయ్యకు," అన్నాడు రెండు పూటలా ఆవకాయే కలుపుకునే రాజేశ్వరరావు. "ఎంత దగ్గరవాళ్లయినా సరే!"

కిటికీలోంచి గాలి ఒక్క విసురు విసిరింది. పేపర్లన్నీ గదినిండా ఎగిరాయి. ఫోన్ మాత్రం కదల్లేదు. దాని వెనక ఎర్రగా, నున్నగా, కొబ్బరికాయంత రాయి.

"దీదీ," అంది లక్మే మెల్లగా. "నాలుగోది."

ఫోన్‌లో శిరీష పకపకా నవ్వింది. "పోయిన ఆదివారం బావగారే తెచ్చి నాకు చూపించారు! 'మీ వెల్లింగ్టన్ గాలి దీన్ని కదపగలదా' అని నాతో పందెం కూడా వేశారు."

"తిరిగి పెట్టలేదా?" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

రాజేశ్వరరావు గొంతు సర్దుకున్నాడు. "కాంతం... ఊటైనా..."

"ఎవరక్కా దొంగ? పేరు చెప్పు, పేరు!" ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి అరిచారు.

సూర్యకాంతం సాయం కోసం లక్మే వైపు చూసింది. లక్మే గంపతో నోరు కప్పుకుని నవ్వుతోంది. ఇక లాభం లేదు. సూర్యకాంతం గరిటె దించి, గుండెనిండా గాలి పీల్చుకుంది.

"రాజేశ్వరరావు!"