ఎందుకో రాసే పని

చింతపండు నానేసి, చేతులు తుడుచుకుని, నోటుబుక్కులో మా సెంటరు ఉద్యోగాలకు మూడు గళ్ళు గీశాను. టెక్నీషియన్: కొద్దివారాల శిక్షణ, వేరొకరు రాసిన థెరపీ ప్లాన్ ప్రకారం పిల్లల దగ్గర కూర్చోవడం. అసిస్టెంట్ అనలిస్టు: నాకున్న డిగ్రీ చాలు, ప్లాన్ రాయొచ్చు, కానీ పైవాళ్ళ సంతకం కావాలి. అనలిస్టు: పీజీ చేసి, పిల్లలు ఎందుకలా చేస్తున్నారో తేల్చి, తన ప్లాన్ కింద తనే సంతకం పెట్టడం. మా ఆయన దయానంద్ వచ్చి చదివి, నడిమి గడి మీద వేలు పెట్టాడు.

"ఇది సాలు మే. ఇంట్లో పనికి అడ్డం రాదు."

తిరుపతిలో ఆటిజం పిల్లల సెంటర్లో నాలుగేళ్ళుగా నాది మొదటి గడి. "పిల్లోల్లతో ఆడుకోని వస్తాది" అని మా అత్త చుట్టాలకు చెబుతుంది. ఆ ఆటలో నా ముంజేతికి పడే పంటిగాట్లు ఆమె చూడనివి కావు. పోయిన నెల ఆరేళ్ళ లోహిత తల గోడకేసి కొట్టుకుంటుంటే అందరూ మొండితనం అన్నారు. నేను రోజూ టైము రాసుకున్నాను. పక్క టిఫిన్ హోటల్లో గ్రైండర్ తిరిగినప్పుడే కొట్టుకుంటోంది. షీటులో అదే రాశాను. మా అనలిస్టు రూపేష్ సార్, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు, ఆ వాక్యం కొట్టేశాడు. "ఎన్నిసార్లు కొట్టుకునిందో రాయండి మేడమ్, ఎందుకో రాయొద్దు. అది మీ లెవెల్ కాదు" అన్నాడు. వారం తర్వాత లోహితను గ్రైండర్ చప్పుడు వినబడని వెనక గదికి మార్చారు. బిడ్డ నెమ్మదించింది. వాళ్ళమ్మ రూపేష్ సార్‌కు దండం పెట్టి ఏడ్చింది. నేను పక్కనే బొమ్మలు సర్దుతున్నాను. బిడ్డ బాగుపడినందుకు సంతోషమే, కానీ కడుపు మండిపోయింది, అబద్ధమెందుకు.

రూలు తప్పని నేననను. చదవందే పసిబిడ్డ గురించి తేల్చే హక్కు ఎవరికైనా ఎలా ఇస్తారు? కాకపోతే ఇంట్లోనూ ఇదే వరస. ఏం వండాలో అత్త చెబుతుంది, ఎన్నింటికి రావాలో ఈయన చెబుతాడు, ఎందుకని అడిగితే నాకు నోరెక్కువ. పెళ్ళయిన పదకొండేళ్ళుగా వీళ్ళ కనుసన్నల్లో చేస్తున్నా ఈ ఇంట్లో నాకు పై మెట్టంటూ లేదు. సెంటర్లో కనీసం ఉంది.

పీజీ దరఖాస్తుకు రేపే ఆఖరు. పెన్ను తీసి మూడో గడి చుట్టూ గీత గీసి, పక్కన 'రెండేళ్ళు, సాయంత్రం క్లాసులు' అని రాశాను.

"రెండేండ్లా? అదీ సాయంత్రం క్లాసులా?" దయానంద్ గొంతు పెంచాడు. "మాయమ్మకు అన్నం ఎవురు వండి పెడతారు?"

"నువ్వే," అన్నాను. "నేర్చుకునేదాకా పక్కన కూర్చోని సూస్తాలే."